ఆదివారం రాని నొప్పి సోమవారం ఎలా వస్తుంది?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక టీచరమ్మ ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు కాబట్టి జిల్లాతో ఆపేస్తున్నాను. ఉత్తరంలోని సంగతి ఇది.

ఆవిడకి 37 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతారు. ఆరేళ్ల కిందట ఆడపడుచు పెళ్లి భోజనం చేసిన మర్నాడు ఇంట్లో నలుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మిగతా ముగ్గురూ మూడో రోజుకి లేచి తిరిగారు. ఈవిడ సెలైన్లు ఎక్కించుకుని వారానికి కోలుకున్నారు గానీ కడుపు మాత్రం మళ్లీ మునుపటిలా కాలేదు. పొత్తికడుపులో ఎడమవైపు మెలిపెట్టినట్టు నొప్పి, ఉబ్బరం, ఆగనివ్వని విరేచనం. బాత్రూముకి వెళ్లొస్తే కాస్త తెరిపి. వారంలో నాలుగైదు రోజులు ఇదే తంతు.

స్కూలు 28 కిలోమీటర్ల దూరం. ఉదయం 7.50 బస్సు. "దారిలో ఏ ఊళ్లో బాత్రూమ్ ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో నాకు తెలిసినంతగా కండక్టరుకి కూడా తెలియదు" అని రాశారు. భయపడి ఏమీ తినకుండా బస్సెక్కుతారు. మధ్యాహ్నం పెరుగన్నం ఒక్కటే. పప్పు, వంకాయ, పచ్చడి, చపాతీ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి మానేశారు. రెండేళ్లుగా ఎవరి పెళ్లికీ వెళ్లలేదు.

ఎండోస్కోపీ, కొలనోస్కోపీ, సీటీ స్కాను, రక్తపరీక్షలు, మలపరీక్ష, రెండు ఊళ్లలో నలుగురు డాక్టర్లు. ఖర్చు లక్షన్నర దాటింది. అన్నీ నార్మల్. బరువు తగ్గలేదు, రక్తం పడటం లేదు, నిద్రలోంచి లేపే నొప్పి కాదు. ఆఖరున చూసిన గ్యాస్ట్రో డాక్టరు "ఇది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అమ్మా, పేగులో పుండు లేదు, మెదడుకీ పేగుకీ మధ్య సిగ్నళ్లు ఎక్కువయ్యాయి" అని అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి, "మేడం, ఇది డిప్రెషన్‌కి వాడతారు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ స్ట్రిప్పుని బీరువాలో పట్టుచీరల కింద దాచేశారు. నాలుగు నెలలైంది. ఒక్కటీ వేసుకోలేదు.

ఇంట్లో మాటలు ఇలా ఉన్నాయి. భర్త మంచివాడు, రోజూ సాయంత్రం గుమ్మంలోకి రాగానే "ఇవాళ నొప్పి ఎలా ఉంది?" అని అడుగుతారు. అత్తగారు మాత్రం, "ఆదివారం రాని నొప్పి సోమవారం ఎలా వస్తుందమ్మా?" అంటారు. అన్నయ్య హైదరాబాద్ తీసుకెళ్లి మళ్లీ మొదటి నుంచి అన్ని పరీక్షలూ చేయిస్తానంటున్నాడు. చివరి పేజీలో, చేతిరాత మారిపోయిన చోట, ఇంకో సంగతి ఉంది: తొమ్మిదేళ్ల కూతురు ఈ ఏడాది నుంచి పరీక్షల రోజుల్లో "అమ్మా, నాకూ కడుపునొప్పి" అంటోందట.

ఆవిడ ప్రశ్నలు నాలుగు. నా నొప్పి కడుపులో ఉందా, తలలో ఉందా? ఆ మాత్ర వేసుకోవాలా? మళ్లీ పరీక్షలు చేయించుకోవాలా? ఉద్యోగం మానేస్తే తగ్గుతుందా?

*

అమ్మా, ముందుగా మీ అత్తగారి దగ్గర మొదలుపెడతాను. మీకు కోపం రావచ్చు. ఆవిడ చెప్పుకున్న జవాబు తప్పు. కానీ అడిగిన ప్రశ్న మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న. పేగులో పుండే ఉంటే దానికి వారాలు తెలియవు. ఆదివారమని సెలవు తీసుకోదు. మరి మీ నొప్పికి క్యాలెండరు తెలుసంటే, అది పుట్టే దారిలో ఎక్కడో క్యాలెండరు చదవగలిగినదొకటి ఉందన్నమాట. అది మెదడు. మెదడు అన్నాను, నటన అనలేదు.

డాక్టరు అన్న మాట మీ ఇంట్లో ఎలా ప్రయాణించిందో చూడండి. ఆయన "మెదడు" అన్నారు. మీకు "మనసు" అని వినపడింది. షాపు కుర్రాడి దగ్గర అది "డిప్రెషన్" అయింది. అత్తగారి దగ్గరికి వచ్చేసరికి "ఊరికే అనుకుంటోంది" అయింది. నాలుగు చేతులు మారేసరికి ఒక నాడీ సమస్య మనిషి గుణంలోని లోపంగా మారిపోయింది. ఇందులో మా డాక్టర్ల తప్పు సగం ఉంది. ఓపీలో మనిషికి ఐదు నిమిషాలు ఇచ్చి, అందులో "మెదడు" అనే మాట వాడి, బెల్లు కొట్టి తర్వాతి పేషెంటుని పిలిస్తే ఇలాగే అవుతుంది. ఆ ఐదు నిమిషాల్లో చెప్పాల్సింది ఇక్కడ చెబుతాను.

పేగు గోడలోనే సొంతంగా ఒక నాడీ వ్యవస్థ ఉంది. అందులో పది కోట్లకు పైగా నాడీకణాలు. తిన్నదాన్ని ముందుకు నెట్టడం, నీరు పీల్చడం లాంటి పనులు అది పైవాళ్లని అడక్కుండా చేసుకుపోతుంది. అక్కడి నుంచి మెదడుకి రెండు దారులున్నాయి. వేగస్ నాడి కడుపు నిండింది, వికారంగా ఉంది లాంటి కబుర్లు మోస్తుంది. ఆ నాడిలో ఎక్కువ తీగలు కింది నుంచి పైకి వెళ్లేవే. నొప్పి కబురు మాత్రం ముఖ్యంగా వెన్నుపాము గుండా వెళ్తుంది. పైన అది ఒక్క గదిలో దిగదు. ఇన్సులా అనే భాగం లోపల ఏం జరుగుతోందో గమనిస్తుంది. యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం అది మనల్ని ఎంత బాధిస్తోందో తేలుస్తుంది. అమిగ్డలా దీన్ని ప్రమాదం కింద రాసుకోవాలా వద్దా చూస్తుంది, పాత లెక్కలు తిరగేస్తుంది.

ఎక్కువమందికి తెలియనిది కింది దారి. మెదడు నుంచి వెన్నుపాముకి దిగే తీగలు కొన్ని వచ్చే కబురుని అక్కడే తగ్గించగలవు, పెంచనూగలవు. ఇది మీరు రోజూ చూసేదే. అరటికాయ తరుగుతూ వేలు కోసుకున్నారు, అదే క్షణంలో పక్క గదిలో పాప దబ్బున పడిన చప్పుడు. పరిగెత్తి పాపని లేపి, ఏడుపు మాన్పించి, దాని గౌను మీద రక్తం చూసి "ఎక్కడ తగిలింది?" అని వెతికాక గానీ ఆ రక్తం మీ వేలిదని తెలియదు. వేలు తెగింది నిజం. నొప్పి అంతసేపు రాకపోవడమూ నిజం. కింది దారి గేటు వేసింది, అంతే. నొప్పి లేనంత మాత్రాన గాయం అబద్ధం కానప్పుడు, గాయం లేనంత మాత్రాన నొప్పి ఎందుకు అబద్ధం కావాలి?

ఐబీఎస్‌లో ఈ గేటు సరిగ్గా పడదు. దీన్ని ఊహించి చెప్పడం లేదు, కొలిచి చూశారు. పరిశోధనల్లో మలద్వారం గుండా చిన్న బెలూన్ పంపి కొద్దికొద్దిగా గాలి నింపుతారు. మామూలు వాళ్లకి "ఏదో ఉన్నట్టుంది" అనిపించే ఒత్తిడికే ఐబీఎస్ ఉన్న చాలామందికి నొప్పి పుడుతుంది. ఇంకో రకం ప్రయోగం మీ సోమవారాన్ని సూటిగా తాకుతుంది. నొప్పి కలిగించబోతున్నామని ముందుగా సూచన ఇచ్చి, అది రాకముందే మెదడుని స్కాను చేశారు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో ఇన్సులా, అమిగ్డలా, మెదడు కాండం ముందే తమ జోరు తగ్గించుకున్నాయి, దెబ్బ పడేముందు భుజం వదులు చేసుకున్నట్టు. ఐబీఎస్ ఉన్న ఆడవాళ్లలో ఆ తగ్గడం అంతగా కనిపించలేదు. అంటే బస్సు రాకముందే, మీరు చెప్పులు వేసుకుంటున్నప్పుడే, లోపల సగం పని అయిపోతోంది.

పెళ్లి పందిట్లో మైకు సెట్టు గుర్తుతెచ్చుకోండి. మైకూ స్పీకరూ ఎదురెదురుగా పెట్టి వాల్యూమ్ పెంచితే, ఎవరూ మాట్లాడకపోయినా కుయ్యిమని కూత మొదలవుతుంది. ఎక్కడో చిన్న గరగర మైకులో పడుతుంది, స్పీకర్ దాన్ని పెద్దది చేస్తుంది, ఆ పెద్దది మళ్లీ మైకులో పడుతుంది. చెవులు మూసుకునేది నిజమైన శబ్దానికే. కానీ మైకు విప్పి చూస్తే అందులో ఏ లోపమూ ఉండదు. స్పీకర్ విప్పినా ఉండదు. మీ ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ నార్మల్ రావడం ఇలాంటిదే. పేగులో మామూలు కదలిక, మెదడులో ఎక్కువైన వాల్యూమ్, దానితో భయం, భయంతో పేగు ఇంకాస్త బిగుసుకోవడం, ఆ బిగువు మళ్లీ పైకి. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి జవాబు, రెండు చోట్లా కాదు, మధ్యలో ఉంది.

మొదటి గరగర ఎక్కడిదంటారా? పెళ్లి భోజనం. వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా కొందరిలో పేగు నాడులు చురుకెక్కి అలాగే ఉండిపోతాయి. కెనడాలో వాకర్టన్ అనే చిన్న ఊళ్లో 2000 మే నెలలో మంచినీటి సరఫరా కలుషితమై రెండు వేలమందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ఆ ఊరివాళ్లని ఏళ్ల తరబడి గమనించారు. అప్పుడు విరేచనాలు పట్టినవాళ్లలో ఐబీఎస్ ఎక్కువగా కనిపించింది, ఎనిమిదేళ్ల తర్వాత కూడా. ఒక ఊరు ఊరంతా కూడబలుక్కుని నటించదు కదా. ఈ సంగతి మీ అత్తగారికి చెప్పొచ్చు. అలాగే మీతో తిన్న ముగ్గురూ బాగానే ఉన్నారన్న వాదనకి కూడా జవాబు ఇందులోనే ఉంది: అక్కడ కూడా అందరికీ రాలేదు.

ఇక మాత్ర. షాపు కుర్రాడు అబద్ధం చెప్పలేదు. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్ మందుగానే మొదలైంది. కానీ డిప్రెషన్‌కి సాధారణంగా 75 నుంచి 150 మిల్లీగ్రాములు వాడేవారు. మీకు రాసింది 10. ఆ మోతాదులో అది మీ మూడ్ జోలికి పెద్దగా పోదు. నేను చెప్పిన కింది దారిలో గేటు వేసే రసాయనాలకి కాస్త ఊతం ఇస్తుంది, పేగు పరుగుని కొంచెం నెమ్మదింపజేస్తుంది. మైగ్రేన్‌కి, నరాల నొప్పికి కూడా ఇదే చిన్న మోతాదు వాడతారు. తలనొప్పికి వాడినవాళ్లని ఎవరూ ఏమీ అనరు, అదొక విచిత్రం. ఇంగ్లండ్‌లో 463 మంది ఐబీఎస్ రోగుల మీద ఆరు నెలలు చేసిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. మామూలు ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరే, 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి 30 దాకా పెంచుకున్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే అమిట్రిప్టిలిన్ వేసుకున్నవాళ్లకి ఎక్కువ ఉపశమనం కలిగింది.

వేసుకుంటే ఏమవుతుంది? నోరు ఎండుతుంది. మొదటి వారం పొద్దున మత్తుగా ఉండొచ్చు, అందుకే రాత్రి, వీలైతే పడుకునే ముందు కాకుండా గంటా రెండు గంటలు ముందే వేసుకోమంటారు. మలం గట్టిపడుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకి అది ఇబ్బంది గానీ మీకు బహుశా లాభమే. గుణం వారంలో తెలియదు, నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. చాలామంది పదో రోజున "ఏం తగ్గలేదు, నోరు ఎండుతోంది" అని ఆపేస్తారు. ఇబ్బంది ముందు వచ్చి లాభం తర్వాత వచ్చే మందు ఇది. గుండె లయలో తేడా, గ్లాకోమా అనే కంటి జబ్బు, మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉంటే, గర్భం ఆలోచన ఉంటే, వేరే మందులు వాడుతుంటే మొదలుపెట్టకముందే డాక్టరుకి చెప్పాలి. వేసుకోకపోతే? ప్రాణానికి ఏమీ కాదు. ఐబీఎస్ క్యాన్సర్‌గా మారదు. వేసుకోకుండా కూడా తగ్గించుకునే దారులున్నాయి, వాటికి సమయం, ఓపిక ఎక్కువ కావాలి. కాబట్టి ఇది వేసుకుని తీరాల్సిన మందూ కాదు, సిగ్గుతో దాచుకోవాల్సిన మందూ కాదు.

ఆ దారుల్లో నాకు బాగా నచ్చేది పేగుని ఉద్దేశించి చేసే హిప్నోథెరపీ. పేరు వినగానే స్టేజీ మీద కోడిలా కూయించే మనిషి గుర్తొస్తాడు, కానీ అది కాదు. కళ్లు మూసుకుని, ఒళ్లు వదులు చేసి, పొట్ట మీద చెయ్యి వేసి వెచ్చదనాన్ని, పేగు నెమ్మదిగా సాగడాన్ని ఊహించుకోవడం. మాంచెస్టర్‌లో 1984లో, ఏ మందుకీ లొంగని 30 మంది మీద చేసి చూపించారు, తర్వాత ఎన్నో చోట్ల చేశారు. చిక్కేమిటంటే మన జిల్లాల్లో దీన్ని సరిగ్గా చేసేవాళ్లు బహు తక్కువ. ఆలోచనల మీద, అలవాట్ల మీద పనిచేసే సీబీటీ పద్ధతికి పెద్ద ఊళ్లలో క్లినికల్ సైకాలజిస్టులు ఉంటారు, వీడియోలోనూ చూస్తారు. అక్కడికి వెళ్తే "పిచ్చి" ముద్ర మళ్లీ లేస్తుంది. దానికి సిద్ధపడాలి, లేదా ఎవరికీ చెప్పకుండా వెళ్లాలి. రెండోది తప్పేమీ కాదు.

ఇక్కడ ఒక ప్రయోగం గురించి చెప్పాలా వద్దా అని ఆలోచించాను, మీ అత్తగారి చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుందని. అయినా చెబుతాను. 2010లో హార్వర్డ్‌కి చెందిన పరిశోధకులు 80 మంది ఐబీఎస్ రోగుల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి "ఇందులో మందేమీ లేదు, ఉత్తుత్తి మాత్ర, కానీ నమ్మకంగా రోజూ వేసుకోండి" అని దాచకుండా చెప్పి ఇచ్చారు. మూడు వారాలకి ఆ జట్టులో 59 శాతం మంది చాలినంత ఉపశమనం వచ్చిందన్నారు, మాత్ర ఇవ్వని జట్టులో 35 శాతం. నొప్పి ఉత్తదని దీనికి అర్థం కాదు. మెదడు నుంచి దిగే గేటుకి అంత బలం ఉందని అర్థం. రోజూ ఒక వేళకి, ఒక నమ్మకంతో, మిమ్మల్ని పట్టించుకునే డాక్టరు చెప్పిన పని చేయడమే ఆ గేటుని కదిలిస్తుంది. మరి మీ దగ్గర రోజూ జరుగుతున్నదేమిటి? ఒకరు నొప్పిని నమ్మరు. ఆవిడకి నిరూపించడం కోసం మీరు దాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఇంకొకరు ప్రేమతో రోజూ దాని యోగక్షేమాలు అడుగుతారు. ఆయనకి జవాబు చెప్పడం కోసం మీరు పొద్దున్నుంచి దాన్ని గమనిస్తూ ఉండాలి. ఇద్దరూ తెలియక మైకు దగ్గరే నిలబడ్డారు.

మీ ఆయన మీద నాకు గౌరవం ఉంది, కాబట్టి ఆయనకి ఒక పని అప్పజెబుతాను. గుమ్మంలో ఆ ప్రశ్న మానేయమనండి. ఆదివారం సాయంత్రం ఒక్కసారి అడగమనండి. మిగతా రోజులు ఎనిమిదో తరగతి వెనక బెంచీ వాళ్ల అల్లరి గురించి అడిగితే చాలు. మొదట్లో ఆయన పట్టించుకోవడం మానేసినట్టు మీకు అనిపిస్తుంది. అది ముందే ఇద్దరూ అనుకుని ఉంటే గొడవలు రావు.

మీ అన్నయ్య మాట. మీకు లేని లక్షణాలు మీరే రాశారు, మంచి పని చేశారు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనం, వదలని జ్వరం, రక్తహీనత, ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్ చరిత్ర. ఇందులో ఏ ఒక్కటి వచ్చినా ఈ సమాధానాన్ని పక్కన పడేసి ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మన దేశంలో పేగుల టీబీని కూడా మర్చిపోకూడదు. ఇవేవీ లేనప్పుడు మళ్లీ మొదటి నుంచి చేయిస్తే వచ్చేది ఇంకో నార్మల్ రిపోర్టు. దాని బలం నాలుగు రోజులు. ఐదో రోజు "వాళ్లకి కూడా దొరకలేదంటే ఏదో పెద్దదే అయి ఉంటుంది" అన్న ఆలోచన మొదలవుతుంది. ఈ చక్రంలో ఇళ్ల స్థలాలు అమ్ముకున్నవాళ్లని చూశాను. అన్నయ్యని నొప్పించలేకపోతే మధ్యే మార్గం ఒకటుంది: పాత ఫైలు మొత్తం పట్టుకుని ఒక్క డాక్టరుకి చూపించి, గోధుమ పడకపోవడానికి చేసే సీలియాక్ రక్తపరీక్ష, థైరాయిడ్, పేగు వాపుని పట్టిచ్చే కాల్‌ప్రొటెక్టిన్ మలపరీక్ష చేశారా అని అడగండి. చేయకపోతే ఆ మూడూ చేయించి అక్కడితో ఆపండి. నెలసరి రోజుల్లో నొప్పి బాగా ఎక్కువైతే గైనకాలజిస్టుకి కూడా ఒకసారి చూపించండి. ఐబీఎస్ కూడా ఆ రోజుల్లో పెరుగుతుంది గానీ, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరగడం) ఐబీఎస్ వేషంలో దాక్కున్న సందర్భాలు ఉన్నాయి.

తిండి దగ్గర మీరు చేస్తున్నదాన్ని గట్టిగా కాదంటాను. భయపడి ఒక్కోటీ మానేస్తూ పెరుగన్నం దాకా వచ్చారు. పెద్దవాళ్లలో చాలామందికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర సరిగ్గా అరగదు. పెరుగులో అది తక్కువే గానీ లేకుండా లేదు. అంటే మిగుల్చుకున్న ఒక్కటీ కూడా పూర్తిగా అమాయకమైనది కాకపోవచ్చు. పద్ధతిగా చేయాలంటే ఫాడ్‌మ్యాప్ అనే విధానం ఉంది, మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసింది. పేగులో పులిసి గాలి పుట్టించే పిండిపదార్థాలున్నవి, అంటే ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు, మామిడిపండు లాంటివి నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించి, ఆ తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి ఏది పడటం లేదో పట్టుకోవడం. ఈ వెనక్కి తేవడమే అసలు పని. అందరూ మొదటి సగం చేసి రెండో సగం మర్చిపోతారు. డైటీషియన్ దొరికితే మేలు. వంటింటి చిట్కా ఒకటి: వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే పదార్థం నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. తాలింపు నూనెలో రెబ్బలు వేయించి తీసి పడేస్తే వాసన ఉంటుంది, బాధ ఉండదు.

ఇక 7.50 బస్సు. ఏమీ తినకుండా ఎక్కడం వల్ల మీకు మేలు జరగడం లేదనే నా అనుమానం. ఉదయం ఏదైనా తినగానే పెద్దపేగు కదులుతుంది, అందరికీ. కాఫీ దాన్ని ఇంకా తోస్తుంది. ఈ కదలికని బస్సులో కాకుండా ఇంట్లోనే రప్పించుకోవచ్చు. ఆరింటికే రెండు ఇడ్లీలు, కాఫీ. ఆ తర్వాత గంటన్నర ఇంట్లోనే ఉంటారు. అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి వారం భయం ఎక్కువే ఉంటుంది, శనివారం మొదలుపెట్టండి. బస్సెక్కాక నెమ్మదిగా పొట్టతో ఊపిరి: నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. ఇది ఆధ్యాత్మికం కాదు, నిదానంగా వదిలే ఊపిరి ఒళ్లు బిగుసుకుపోవడాన్ని సడలిస్తుంది. నాకు మెడిసిన్‌లో వైవాల (నోటితో జవాబు చెప్పే పరీక్షల) ముందు మూడుసార్లు బాత్రూముకి పరుగెత్తే అలవాటుండేది. ఊపిరి సంగతి అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

స్కూల్లో ఒక్కరికి చెప్పండి, హెచ్చెమ్‌కి గానీ పక్క క్లాసు టీచరుకి గానీ. "నాకు పేగు సమస్య ఉంది, మధ్యలో ఐదు నిమిషాలు వెళ్లాల్సి రావచ్చు, క్లాసు చూసుకోండి" అంటే చాలు. స్టాఫ్ రూములో వారం రోజులు గుసగుసలు ఉంటాయి. కానీ తప్పించుకునే దారి ఉందని తెలిసిన రోజు ఆ దారి అవసరం సగానికి పడిపోతుంది. చాలామంది పేషెంట్లు ఇదే చెబుతారు.

ఉద్యోగం మానేయడం గురించి మీ ఉత్తరంలోనే ఒక వాక్యం ఉంది, మీరు గమనించలేదు. "వేసవి సెలవుల్లో పది రోజులు హాయిగా ఉంది, పెళ్లిపిలుపులు మొదలవగానే మళ్లీ వచ్చింది" అని రాశారు. బస్సు లేకపోయినా వచ్చింది. ఉద్యోగం మానేస్తే మొదటి నెల నిజంగానే బాగుంటుంది. ఆ తర్వాత గుడి, రైలు, చుట్టాలిల్లు ఒక్కోటీ బస్సు స్థానంలోకి వస్తాయి, జీతం మాత్రం రాదు. మీ సొంత డబ్బు, మీ సొంత మనుషులు, పిల్లలు "టీచర్" అని పిలవడం ఇవన్నీ మీ గేటుకి కూడా బలమే. దగ్గరి స్కూలుకి బదిలీ అవకాశం వస్తే మాత్రం తీసుకోండి. 28 కిలోమీటర్ల ప్రయాణం తగ్గడం ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా మంచిదే. సెలవు పెట్టాలనిపిస్తే నెలల తరబడి కాకుండా, మాత్రో తిండి మార్పో మొదలుపెట్టే వారానికి పెట్టుకోండి.

పాప సంగతి చివర రాశారు, నేనూ చివరికే ఉంచాను. నేర్పానేమో అని మిమ్మల్ని మీరు తిట్టుకున్నారు. పిల్లల్లో పరీక్షల రోజు కడుపునొప్పి చాలా మామూలు, ఏ జబ్బూ లేని ఇళ్లలో కూడా. కొంత పుట్టుకతో వస్తుంది, కొంత చూసి నేర్చుకుంటారు, ఎంత ఏది అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. ముందు పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి. బరువు, ఎత్తు సరిగ్గా పెరుగుతూ, రాత్రి నిద్ర పాడవకుండా ఉంటే భయం అక్కర్లేదు. ఆ తర్వాత దానికి రెండు మాటలు చెప్పకూడదు: "ఏం లేదు, నాటకాలాడకు" అనీ, "అయ్యో, నాలాగే అయిపోయావా, ఇవాళ మానెయ్" అనీ. మొదటిది మీ అత్తగారి మాట, రెండోది మీ భయం మాట. "నొప్పిగా ఉందా? సరే, పది నిమిషాలు పడుకో, పొట్ట మీద వేడినీళ్ల సంచి పెడతాను, తర్వాత బడికి వెళ్దాం" అనండి. అలా అంటే దాని నొప్పిని నమ్మినట్టూ ఉంటుంది, బడి మానలేదు కూడా. కొన్నిసార్లు ఏడుస్తుంది, పరీక్ష పాడవుతుంది. పాడవనివ్వండి, తొమ్మిదేళ్ల పరీక్షే కదా.

పట్టుచీరల కింద ఉన్న స్ట్రిప్పుని మాత్రం ఈ ఉత్తరం చదివి ఇవాళ రాత్రే మొదలుపెట్టకండి. చీటీ నాలుగు నెలల పాతది. ఆ డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లి, వేసుకోలేదని, ఎందుకు వేసుకోలేదో చెప్పండి. ఆయన కోప్పడరు, మాకిది కొత్త కాదు. ఈసారి మీ ఆయన్ని బయట కుర్చీలో కాకుండా లోపలికి తీసుకెళ్లండి, "మెదడు" అన్న మాట ఇద్దరూ ఒకేసారి వినాలి. వెళ్లేముందు స్ట్రిప్పు వెనక గడువు తేదీ చూసుకోండి.